బొటనవేలు ఎవరి గుర్తు?

చాలా బడుల గేట్ల మీద ఉండే గుర్తులు మనకు తెలిసినవే. వెలిగే దీపం, తెరిచిన పుస్తకం, పొడుస్తున్న సూర్యుడు. అవి ఎక్కడివని ఎవరూ అడగరు. అడిగినా చెప్పడానికి పెద్ద కథేమీ ఉండదు. ఆదివాసీ పిల్లల కోసమని పెట్టిన బడుల పేరు మాత్రం అలాంటిది కాదు. దాని వెనక ఒక కథ ఉంది, ఆ కథలో ఒక కుర్రవాడి తెగిన వేలు ఉంది. కేంద్ర ప్రభుత్వం ఏకలవ్య ఆదర్శ గురుకుల పాఠశాలల పథకాన్ని 1997-98లో మొదలుపెట్టింది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా, ఒక్కో బడిలో 480 మంది చదువుకునేలా రూపొందించింది. గిరిజనులు జనాభాలో సగానికి మించి, కనీసం 20,000 మంది ఉన్న ప్రతి బ్లాకులోనూ ఒక ఏకలవ్య బడి పెడతామని 2018లో ప్రకటించింది. మన నెల్లూరు జిల్లాలోనూ ఆ పేరుతో బడి ఉంది.

బడి పేరులో ఏముంది, చదువు బాగుంటే చాలదా అని అడిగేవాళ్లున్నారు. కానీ పిల్లవాడు రోజూ ఆ పేరు కిందనే నడిచి లోపలికి వెళ్తాడు. చొక్కా మీద, నోటుపుస్తకం అట్ట మీద, ఆటల పోటీల్లో పట్టుకునే జెండా మీద ఆ పేరే ఉంటుంది. నువ్వు ఎవరివో, నీ నుంచి ఏం ఆశిస్తున్నామో ఆ పేరు మాటల్లేకుండా చెబుతూనే ఉంటుంది. అందుకే ఈ ప్రశ్న వేసుకోవాలి: గురువు కాదని పంపేసిన పిల్లవాడి పేరు మన పిల్లల బడికి పెట్టడం న్యాయమేనా? న్యాయమైతే, ఆ పేరు ఎవరికి ఏం నేర్పాలి?

కథ అందరికీ తెలిసిందే అయినా ఒకసారి వరసగా చూద్దాం. మహాభారతం ఆదిపర్వంలో ఉంది. నన్నయ తెలుగు చేసిన పర్వాల్లోనూ ఉంది. ఏకలవ్యుడు నిషాదుల రాజు హిరణ్యధన్వుడి కొడుకు. విలువిద్య నేర్పమని ద్రోణుడి దగ్గరకు పోయాడు. నిషాదుడని ద్రోణుడు చేర్చుకోలేదు. కుర్రవాడు అడవిలో ద్రోణుడి మట్టిబొమ్మ చేసుకుని, దాని ముందు సొంతంగా సాధన చేశాడు. ఒకరోజు పాండవుల కుక్క మొరుగుతుంటే దాని నోటినిండా బాణాలు కొట్టాడు. అర్జునుడు చూసి కలవరపడ్డాడు. నిన్ను మించిన విలుకాడు నా శిష్యుల్లో ఉండడని అంతకుముందు ద్రోణుడు అతనికి మాట ఇచ్చి ఉన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ద్రోణుడు అడవికి వచ్చి, గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు అడిగాడు. ఏకలవ్యుడు కోసి ఇచ్చాడు. ఆ తర్వాత మిగిలిన వేళ్లతో బాణం వేశాడు గానీ మునుపటి వేగం రాలేదు.

ఈ ఒక్క ఘట్టంలో ముగ్గురున్నారు. మన దేశం ముగ్గురి పేర్లూ వాడుకుంది. క్రీడాకారులకిచ్చే అర్జున అవార్డు 1961లో మొదలైంది. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. ఆదివాసీ పిల్లల బడులకు ఏకలవ్యుడి పేరు 1997-98లో వచ్చింది. ఈ మూడు పేర్లనూ ఎవరో కూర్చుని పథకం ప్రకారం పంచారని నేను అనను. మూడు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కార్యాలయాల్లో పెట్టిన పేర్లవి. అయినా వరసలో పెట్టి చూస్తే అడవిలో జరిగిన ఆ ఘట్టమే మళ్లీ కనబడుతుంది. గెలిచినవాడి పేరు గెలుపుకు పెట్టారు. వేలు అడిగినవాడి పేరు మంచి గురువుకు పెట్టారు. వేలు ఇచ్చినవాడి పేరు మన పిల్లలకు వచ్చింది. ఒకే దేశం ద్రోణుణ్ణి ఆదర్శ గురువనీ, ఏకలవ్యుణ్ణి ఆదర్శ శిష్యుడనీ ఒకేసారి చెప్పాలంటే, మధ్యలో జరిగిన దాన్ని తప్పు అనకుండా దాటేయాలి. బడుల్లో చేస్తున్నది అదే.

సెప్టెంబరు 5 వచ్చిందంటే చాలా బడుల్లో ఏకలవ్యుడి నాటకం ఉంటుంది. ఏకలవ్యుడి వేషం ఎవరికి ఇస్తారో గమనించండి. నల్లగా, సన్నగా ఉన్న మన పిల్లవాడికే తరచుగా వస్తుంది. ద్రోణుడి వేషం ఎర్రగా ఉన్న పిల్లవాడికి పోతుంది. చివర్లో బొటనవేలికి ఎర్రరంగు పూసుకుని మనవాడు పాదాల మీద పడతాడు. అందరూ చప్పట్లు కొడతారు. గురుభక్తి అంటే ఇదీ అని మైకులో చెబుతారు. ఆ సాయంత్రం ఇంటికి పోయే పిల్లవాడి మనసులో ఏం మిగులుతుంది? నీకు వచ్చిన విద్య నీది కాదు, పెద్దవాళ్లు అడిగితే తిరిగి ఇచ్చెయ్యాలి, ఇస్తే చప్పట్లు కొడతారు అని.

ఈ పాఠం తప్పని నా వాదన. దక్షిణ అనేది నేర్పినదానికి ఇచ్చేది. ద్రోణుడు ఏమీ నేర్పలేదు, నేర్పనని పంపేశాడు. బొమ్మ చేసినది ఏకలవ్యుడి చెయ్యి. గురి కుదిరింది అతని సాధన వల్ల. కాబట్టి అడిగింది దక్షిణ కాదు. నీతి శాస్త్రం చదవకపోయినా అప్పు సంగతి తెలిసిన మన ముసలివాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తీసుకోని అప్పుకు వడ్డీ కట్టించుకోవడం లాంటిదిది.

దీనికి ఒక జవాబు చెబుతారు. ఏకలవ్యుడు ఇష్టంగానే ఇచ్చాడు కదా, అతని గొప్పతనాన్ని నువ్వెందుకు తగ్గిస్తావు అని. నేను తగ్గించడం లేదు. ఇచ్చిన మాటకు నిలబడటం ఏకలవ్యుడి గొప్పతనమే. కానీ ఒకరి మంచితనం ఇంకొకరి తప్పును కడగదు. కూలివాడు ఓర్పుగలవాడైతే తక్కువ కూలి ఇవ్వడం న్యాయమైపోదు. మనం చేయాల్సింది ఈ రెండింటినీ విడదీసి పిల్లలకు చెప్పడం. ఇచ్చినవాడు గొప్పవాడు. అడిగినవాడు చేసింది అన్యాయం. బడి మొదటి మాట ఒక్కటే చెప్పి రెండో మాట మింగేస్తే, ఆ గుర్తు పిల్లలకు వినయం నేర్పదు, లొంగుబాటు నేర్పుతుంది.

నెల్లూరు తీరంలో పుట్టిన మనకు బొటనవేలు పురాణంలో మాత్రమే ఉన్న వస్తువు కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద నమోదైనవాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం పోలీసులకు ఉండేది. దొంగతనం చేసినందుకు కాదు, ఆ కులంలో పుట్టినందుకు. మన జిల్లాలో బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో యానాదులను ఉంచిన సెటిల్‌మెంట్ ఉండేది. ఎరుకల వాళ్లను ఉంచిన స్టూవర్టుపురం సంగతి అందరికీ తెలుసు. ఏకలవ్యుణ్ణి తమ మూలపురుషుడని చెప్పుకునేది ఆ ఎరుకలవాళ్లే. అంటే పురాణంలో వేలు ఇచ్చినవాడి వారసులమని చెప్పుకునేవాళ్ల దగ్గర ప్రభుత్వం మళ్లీ వేళ్లే అడిగింది, ఈసారి సిరా పూసి. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు ఈ చట్టానికి వ్యతిరేకంగా, యానాదుల పక్షాన దశాబ్దాలు పనిచేశారు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది.

చట్టం పోయినా వేలిముద్ర పోలేదు. చదువు రాని మన తాతలు ప్రామిసరీ నోట్ల మీద ముద్ర వేశారు. అందులో ఎంత రాశారో వాళ్లకు తెలియదు. చేపల గుంటల దగ్గర, పొలాల దగ్గర తరాలు కాపలా ఉండి ఆ అప్పు తీర్చారు. వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. ఇప్పుడు రేషన్ బియ్యానికి మిషను మీద వేలు పెట్టాలి. ఏళ్ల తరబడి పీతల బొరియల్లో, బురదలో పనిచేసి గీతలు అరిగిన వేళ్లను ఆ మిషను ఒక్కోసారి గుర్తుపట్టదు. ఇంత జరిగిన చోట బొటనవేలి కథను త్యాగం అనే ఒక్క మాటతో చెప్పి ముగించడం కుదరదు.

అయితే ఆ పేరు తీసెయ్యాలా? దానికి ముందు, గుర్తు అంటే ఆదివాసుల్లో ఏమిటో చూడాలి. కోయవాళ్లలో మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అని ఉంటాయి. ఒక్కో గట్టుకు ఇలవేల్పులున్నారు, ఆ వేల్పుల కథను బొమ్మలుగా కుట్టిన పడిగెలున్నాయి. పడిగె గుడ్డతో చేసిన జెండానే అయినా, గోడకు తగిలించే అలంకారం కాదు. దాన్ని బయటకు తీసే వేళ ఉంటుంది, కథ పాడే డోలీలు ఉంటారు, పెళ్లి ఎవరితో చేసుకోవచ్చో ఎవరితో కూడదో చెప్పే కట్టుబాటు ఉంటుంది. మన యానాదులకు అలాంటి పడిగెలు లేవు. చెంచు దేవుడు, అమ్మవార్లు, ఇంట్లో ఒక మూల చిన్న గూడు, అంతే. అయినా పద్ధతి ఒకటే. గుర్తు పెట్టుకున్నవాడికి దాని పట్ల బాధ్యత ఉంటుంది. దాని పుట్టుక చెప్పగల మనిషి ఊళ్లో ఉండాలి. పుట్టుక చెప్పలేని గుర్తు ఒట్టి బొమ్మ.

ఇదే ప్రశ్న మన దేశంలోనే కాదు, అమెరికాలోనూ బడుల దగ్గర వచ్చింది. అక్కడి హైస్కూళ్లకు ఆటల జట్ల కోసం ఒక పేరు, ఒక బొమ్మ పెట్టుకునే అలవాటు ఉంది. పులి, గద్ద లాంటి వాటితో పాటు ఆ నేల ఆదివాసుల పేర్లు, ఈకల తలపాగా పెట్టిన ముఖాలు కూడా చాలా బడులు పెట్టుకున్నాయి. కొలరాడో రాష్ట్రంలో అరాపాహో అనే హైస్కూలు 1964లో మొదలైంది. అరాపాహో అనేది ఒక ఆదివాసీ జాతి పేరు. ఆ బడి పుట్టడానికి సరిగ్గా వందేళ్ల ముందు, 1864 నవంబరు 29న, అదే కొలరాడోలో శాండ్ క్రీక్ దగ్గర సైనికులు చెయెన్, అరాపాహో జనాన్ని చంపారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తరిమేసిన జాతి పేరును తరిమేసిన చోటే బడికి పెట్టుకున్నారన్న మాట. జట్టుకు యోధులు అని పేరు.

ఆ బడి చివరికి అడగవలసినవాళ్లను అడిగింది. 1993లో వయోమింగ్‌లో ఉన్న ఉత్తర అరాపాహో జాతితో ఒప్పందం చేసుకుంది. పాత బొమ్మ స్థానంలో ఆ జాతికే చెందిన విల్బర్ యాంటెలోప్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మ వచ్చింది. జనం తొక్కే చోట, అంటే ఆటస్థలం నేల మీద, ఆ బొమ్మ వేయకూడదని అనుకున్నారు. జాతి పెద్దలు బడికి వచ్చి తమ చరిత్ర చెబుతారు. 2021లో కొలరాడో ప్రభుత్వ బడుల్లో ఆదివాసీ బొమ్మలను చట్టం చేసి నిషేధించినప్పుడు, అంతకుముందే జాతితో ఒప్పందం ఉన్న బడులకు మినహాయింపు ఇచ్చారు. మిగతావి మార్చుకోవలసి వచ్చింది.

పేరు పొగడ్తా, తిట్టా అనేది అసలు కొలత కాదని దీన్నిబట్టి నాకు అర్థమైంది. యోధుడు అనడం పొగడ్తే, అయినా అడగకుండా పెడితే అది దొంగసొత్తే. అడిగి, పుట్టుక ఒప్పుకుని, రాకపోకలు పెట్టుకుంటే అదే పేరు గౌరవం అవుతుంది. కాబట్టి ఏ గుర్తునైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చు. ఎవరిని అడిగి పెట్టారు? దాని కథ పూర్తిగా చెబుతున్నారా? దాని వల్ల బాధ్యత ఎవరి మీద పడుతోంది?

ఏకలవ్య అనే పేరును ఈ మూడింటితో తూచి చూద్దాం. మొదటిది: ఈ పేరు మన గూడేల్లో పుట్టి పైకి పోయింది కాదు, పైనుంచి పథకంతో పాటు వచ్చింది. ఏడువందలకు పైగా ఉన్న తెగలన్నిటికీ ఒకే పేరు. ఎరుకల వాళ్లకు అతను తాత కావచ్చు. యానాదికి, సవరకు, చెంచుకు వాళ్ల కథలు వాళ్లకున్నాయి. రెండోది: కథ సగమే చెబుతున్నారు. మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. ఇప్పటి వాడుకలో బాధ్యత అంతా పిల్లవాడి మీద పడుతోంది. ఏకలవ్యుడిలా కష్టపడు, ఏకలవ్యుడిలా వినయంగా ఉండు అంటున్నారు. ద్రోణుడిలా చేయకు అని ఉపాధ్యాయుడికి చెప్పేవాళ్లు లేరు.

అందుకే నా మాట ఇది: పేరు ఉండనివ్వండి, బాధ్యతను తిప్పి పెట్టండి. గురువు చేర్చుకోని పిల్లవాడి పేరు బడికి పెట్టడమంటే, ఆ తప్పు ఇక జరగనివ్వమని బడి మాట ఇచ్చినట్టు. ఆ పేరు పిల్లలకు పాఠం కాదు, ఉపాధ్యాయులకూ అధికారులకూ హెచ్చరిక. గేటు మీద ఏకలవ్య అని రాసుకున్న బడి రోజూ తన్ను తాను పరీక్షించుకోవాలి.

మొదటి పరీక్ష గేటు దగ్గరే. ఏకలవ్య బడిలో ఆరో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ చదువు రానివాళ్లయిన యానాది పిల్లవాడు ఆ పరీక్ష దాకా రావడమే కష్టం. జనన ధ్రువపత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం లేని కుటుంబాలు మన కాలనీల్లో ఇప్పటికీ ఉన్నాయి. కాగితం లేదని వెనక్కి పంపడం, నిషాదుడవని వెనక్కి పంపడం పిల్లవాడికి ఒకేలా ఉంటాయి. పక్క బడి ఉపాధ్యాయుడు, గ్రామ సచివాలయం కూర్చుని ఆ కాగితాలు ముందే పుట్టించగలరు. అది దయ కాదు, పేరు తెచ్చిన బాధ్యత.

రెండో పరీక్ష లోపల. ద్రోణుడి తప్పు వేలు అడిగిన రోజు మొదలవలేదు, ఒక శిష్యుడికి నువ్వే మొదటివాడివని మాట ఇచ్చిన రోజు మొదలైంది. ఒకడే మొదటివాడు కావాలంటే ఇంకొకడి వేలు తెగాలి. ఫ్లెక్సీల మీద ర్యాంకులు, ముందు బల్లకు తెలివైనవాళ్లు, వెనక బల్లకు మనవాళ్లు. ఇవన్నీ ఆ మాటలోంచి పుట్టినవే. ఉపాధ్యాయులం మనలో ఎంతమందిమి లోలోపల ఎవరో ఒక అర్జునుడికి మాట ఇచ్చి ఉన్నామో ఆలోచించుకోవాలి.

మూడో పరీక్ష కంటికి కనబడదు. ఇప్పుడు కత్తి పెట్టి వేలు అడిగేవాళ్లు లేరు. కానీ బడిలో చేరిన కొన్నాళ్లకే పిల్లవాడు కొన్నిటిని తనంతట తానే కోసి పారేస్తాడు. ఇంట్లో మాట్లాడే యాస, తిండి, అమ్మ చేసే పని పేరు. ఎలుకలు తినేవాళ్లు అని ఒక్కసారి ఎవరైనా నవ్వితే చాలు, ఇంక ఇంటి సంగతి నోటరాదు. ఆ తెగిన దాన్ని బడి అడగలేదు కాబట్టి తప్పు తనది కాదని బడి అనుకుంటుంది.

తొమ్మిదో తరగతి పిల్లలను ఒకసారి, మన బడికి మీరే ఒక గుర్తు గీయండి అన్నాను. పడవ, తాడిచెట్టు, పులికాట్ రాజహంస, రాకెట్ గీశారు. ఒక అబ్బాయి మాత్రం ఎలుక కలుగులోకి పొగ ఊదే కుండ గీశాడు. మిగతావాళ్లు నవ్వారు. వాడు తల దించుకునే, "మా తాత ఊదకపోతే రైతుల వడ్లు మిగిలేవా సార్" అన్నాడు. నవ్వు ఆగింది. తర్వాత అరగంట వాళ్లే మాట్లాడుకున్నారు. ఎలుక వెన్నులు కొరికి కలుగులో దాచడం, మనవాళ్లు కలుగు తవ్వి ఆ గింజలు తీయడం, రైతులు పిలిచి మరీ పని ఇవ్వడం. పాఠ్యపుస్తకంలో లేని జీవశాస్త్రం అది. ఆ బొమ్మ ఏ గేటు మీదకూ ఎక్కలేదు. కానీ దాని పుట్టుక చెప్పగలిగినవాడు తరగతిలోనే ఉన్నాడు.

పక్కనే తమిళనాడులో ఇరుళవాళ్లు ఈ దారిలో చాలా దూరం పోయారు. 1972 వన్యప్రాణి చట్టంతో పాము చర్మాల వ్యాపారం ఆగి వాళ్ల బతుకు పోయింది. 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. పామును చంపకుండా విషం తీసి, వదిలేస్తారు. ఆ విషంతో పాముకాటు మందు తయారవుతుంది. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల విద్యకు ఏ ద్రోణుడి మట్టిబొమ్మా అవసరం రాలేదు. తండ్రి వెంట, తల్లి వెంట అడవిలో తిరిగి నేర్చుకున్నారు. ఏకలవ్యుడి కథలో మనం మరిచిపోయేది కూడా ఇదే. నిషాదుల బిడ్డకు విల్లు కొత్త కాదు. కథ రాసినవాళ్లు గొప్పను బొమ్మకు ఇచ్చారు.

యువతీ యువకులకు నేను చెప్పేది: ఏకలవ్య బడిలో చదివామని సిగ్గుపడవద్దు, ఒట్టి గర్వమూ వద్దు. మీ బడి పేరు మీకు ఒక హక్కు ఇచ్చింది. బడి మాట తప్పినప్పుడు ఆ పేరు చూపించి అడగండి. మీ తాత దగ్గర కూర్చుని మీ ఇంటి గుర్తు ఏమిటో, దాని కథేమిటో రాసి పెట్టుకోండి. రేపు ఊళ్లో కొత్త బడి కడితే పేరు ఏం పెడదామని గ్రామసభలో ఎవరైనా అడిగినప్పుడు, చెప్పడానికి మన దగ్గర ఒక కథ ఉండాలి.

తోటి ఉపాధ్యాయులకు చిన్న మాట. వచ్చే సెప్టెంబరు 5న ఆ నాటకం వేయాలనుకుంటే వేయండి. ద్రోణుడి వేషం మాత్రం పిల్లవాడికి ఇవ్వవద్దు, మనలో ఒకరం వేద్దాం. వేలు అడిగే చోట నాటకం ఆపి, ఎందుకు అడుగుతున్నావని ద్రోణుణ్ణి నిలదీసే అవకాశం పిల్లలకు ఇద్దాం. జవాబు చెప్పవలసింది వేషం వేసుకున్న ఆ ఉపాధ్యాయుడే.